ఏడాదికి 5 డాలర్లు: విన్నిపెగ్‌లో మూలవాసుల మాట

అందరికీ నమస్తే అండి. కెనడాలోని విన్నిపెగ్ నుంచి మాట్లాడుతున్నాను. బయట మైనస్ 20 ఉంది, అందుకే ఇవాళ్టి వీడియో వంటింటి టేబుల్ దగ్గరే. వెనకాల కుక్కర్ కూత వేస్తే ఏమీ అనుకోకండి.

పోయిన వారం ఒక తమ్ముడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. కెనడా వచ్చి ఆరు నెలలైంది, డౌన్‌టౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాడు. పప్పు వడ్డిస్తుంటే అడిగాడు: "అక్కా, ఈ నేటివ్స్‌కి, అంటే ఇక్కడి మూలవాసులకి, గవర్నమెంట్ అన్నీ ఫ్రీగా ఇస్తుందట కదా? ట్యాక్స్ కూడా లేదట. అయినా బస్టాపుల్లో అలా పడి ఉంటారేంటి?"

నాకు కోపం రాలేదు. తొమ్మిదేళ్ళ కిందట నేనూ ఇదే మాట, ఇంకొకరింట్లో అన్నం తింటూ అన్నాను. ఆ రోజు నన్ను ఎవరూ సరిదిద్దలేదు. అందుకే ఈ వీడియో.

ముందు ఒక మాట విడమరిచి చెప్పాలి. ఇక్కడ రిజర్వ్ అంటే మన రిజర్వేషన్ కాదు. ఉద్యోగాల్లో సీట్లు, కాలేజీలో కోటా, అవేవీ కావు. రిజర్వ్ అంటే నేల. 1876లో ఇండియన్ యాక్ట్ అని ఒక చట్టం చేశారు. అందులో ఇండియన్ అంటే మనం కాదు, ఇక్కడి మూలవాసులు. దాని ప్రకారం ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసీ జాతుల వాళ్ళకి కేటాయించిన భూమి అది. వాళ్ళు ఉండేదే గానీ వాళ్ళ పేరు మీద ఉండదు, ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఎవరు 'ఇండియన్' అన్నది కూడా ఆ చట్టమే తేలుస్తుంది. అలా రిజిస్టర్‌లో పేరున్న వాళ్ళనే స్టేటస్ ఉన్నవాళ్ళు అంటారు.

2021 జనాభా లెక్కల్లో ఇండిజినస్ ప్రజలు, అంటే మూలవాసులందరూ కలిపి, 18 లక్షల పైచిలుకు, అంటే దేశంలో వందకి అయిదుగురు. స్టేటస్ ఉన్నవాళ్ళలో రిజర్వ్ లోపల ఉంటున్నది 40.6 శాతమే. మిగతా వాళ్ళందరూ బయటే ఉన్నారు. మా విన్నిపెగ్‌లోనే లక్షా రెండు వేల మంది ఇండిజినస్ వాళ్ళు ఉన్నారు. కెనడాలో మరే నగరంలోనూ అంతమంది లేరు.

ఇప్పుడు తమ్ముడి 'ఫ్రీ' సంగతికి వద్దాం. ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోవడం అన్నది రిజర్వ్ నేలకి అంటుకుని ఉన్న రూల్. స్టేటస్ ఉన్న మనిషి రిజర్వ్‌లో సంపాదించిన డబ్బుకే అది వర్తిస్తుంది. అదే మనిషి విన్నిపెగ్‌లో వేర్‌హౌస్‌లో పనిచేస్తే నాకూ మీకూ ఎలా కట్ అవుతుందో వాళ్ళ పేచెక్‌లోనూ అలాగే కట్ అవుతుంది. మూలవాసులూ యూరప్ వాళ్ళూ కలిసిన కుటుంబాల నుంచి వచ్చిన మెటీ వాళ్ళకైతే ఆ స్టేటస్ కార్డే లేదు. కాలేజీ ఫీజులకి డబ్బు ఉంది, నిజమే. కానీ ఒక్కో బ్యాండ్‌కి, అంటే ఒక్కో ఫస్ట్ నేషన్ సమాజానికి, ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. అది అయిపోతే లైన్‌లో ఆగాల్సిందే.

ఇక అందరూ చెప్పుకునే ఆ 'గవర్నమెంట్ డబ్బు'. నేను మొదట చేసిన స్టోర్‌లో క్రీ అనే ఫస్ట్ నేషన్స్ జాతి పెద్దావిడ ఒకరు నాతోపాటు పనిచేసేవారు. వాళ్ళది ఉత్తరాన, రోడ్డు లేని రిజర్వ్. వేసవిలో విమానం, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద వేసే దారి. 1875లో బ్రిటిష్ రాణి తరఫున వాళ్ళ పూర్వీకులతో చేసుకున్న ఒప్పందాన్ని ట్రీటీ 5 అంటారు. ఆ లెక్కన ఆవిడకి ఏటా 5 డాలర్లు వస్తాయి. నెలకి కాదండీ, ఏడాదికి. అప్పటి 5 డాలర్లే, ఇవాళ్టికీ 5 డాలర్లే. వేసవిలో విన్నిపెగ్‌లో నదులు కలిసే ద ఫోర్క్స్ దగ్గర బల్ల వేసి నోటు చేతిలో పెడతారు. "వెళ్ళిరావడానికి బస్ టికెట్లకే పోతుంది" అని నవ్వేవారు. అయినా ఏటా వెళ్ళేవారు. ఎందుకమ్మా అంటే, "నేను వెళ్ళకపోతే వాళ్ళు సంతకం పెట్టిన సంగతి మర్చిపోతారు" అనేవారు.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నాన్న గుంటూరు దగ్గర ఎకరంన్నర తాకట్టు పెట్టారు. బ్యాంకు లోన్ ఇచ్చింది, నేను ఫ్లైట్ ఎక్కాను. ఎంత బీదగా వచ్చినా మన వెనక ఏదో ఒక కాగితం ఉంది. రిజర్వ్ ఇంటిని బ్యాంకు తాకట్టు పెట్టుకోదు, ఎందుకంటే చట్టం ప్రకారం బయటివాళ్ళు దాన్ని జప్తు చేయడానికి లేదు. ఆ నేల పోకుండా కాపాడుతున్నదీ ఆ రూలే. కానీ అదే నేలని చూపించి సిటీలో డౌన్ పేమెంట్‌కి ఒక్క డాలర్ పుట్టించలేరు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి ఆస్తి పెరిగే దారి అక్కడే ఆగిపోయింది. రిజర్వ్ బయట ఉన్న బీదరికం గురించి ఎంత మాట్లాడినా, ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు.

మరి రిజర్వ్ వదిలి సిటీకి ఎందుకు వస్తారు అంటే, ఇల్లు లేక, పని లేక, డయాలసిస్ కోసం, కాన్పు కోసం. నీళ్ళ సంగతి వినండి. విన్నిపెగ్‌లో మన ఇళ్ళ కుళాయి నీళ్ళు షోల్ లేక్ నుంచి వస్తాయి. 1919లో కట్టిన కాలువ గుండా దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణించి వస్తాయి. ఆ సరస్సు ఒడ్డునే ఉన్న షోల్ లేక్ 40 అనే ఫస్ట్ నేషన్ వాళ్ళు మాత్రం 1997 నుంచి 2021 దాకా నీళ్ళు కాచుకుని తాగారు. ఇది తెలిసిన రోజున ఈ కిచెన్‌లోనే గ్లాసు పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయాను.

ఆడవాళ్ళ సంగతి వేరే. 1985 దాకా స్టేటస్ ఉన్న అమ్మాయి స్టేటస్ లేని అబ్బాయిని పెళ్ళి చేసుకుంటే ఆమె స్టేటస్ పోయేది. రిజర్వ్‌లో ఉండే హక్కూ పోయేది. అబ్బాయి అలా చేసుకుంటే అతనిది పోదు, పైగా వచ్చిన కోడలికి కొత్తగా స్టేటస్ వచ్చేది! సిటీల్లో కొన్ని కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఎందుకున్నాయంటే కారణం ఇదీ. వాళ్ళు వలస వచ్చినవాళ్ళు కాదు, చట్టం బయటికి పంపినవాళ్ళు. రిజర్వ్ విడిచినవాళ్ళకి తమ బ్యాండ్ ఎన్నికల్లో ఓటు కూడా ఉండేది కాదు. 1999లో కోర్బియర్ కేసులో సుప్రీం కోర్టు అది తప్పని తేల్చింది.

సిటీకి వచ్చాక ఏమవుతుంది? మా స్టోర్ పెద్దావిడ ఇల్లు మారదామని వెతికారు. ఫోన్‌లో "ఖాళీగా ఉంది, వచ్చి చూడండి" అంటారు. వెళ్ళి ఎదురుగా నిలబడితే "ఇప్పుడే అయిపోయింది" అంటారు. మూడో ఇంటికి నన్ను తోడు రమ్మన్నారు. నన్ను చూసి ఆ ఓనర్ మామూలుగానే మాట్లాడాడు, ఆవిడే అద్దెకి వస్తున్నారని తెలిసేదాకా. అప్పటికి నేను కెనడాకి వచ్చి ఏడాది కూడా కాలేదు.

చివరికి కూతురి రెండు గదుల ఇంట్లోనే ఏడుగురు సర్దుకున్నారు. సిటీ హౌసింగ్ సాయానికి అప్లై చేయొచ్చు కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఇరుకుగా ఉన్నామని మన నోటితో మనమే చెబితే, మనవల్ని ఫోస్టర్ కేర్‌కి, అంటే ప్రభుత్వం వేరే ఇళ్ళలో పెట్టి పెంచడానికి, తీసుకుపోతారేమోనని భయం. ఆ భయం ఊరికే రాలేదు. దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల్లో ఇండిజినస్ పిల్లలు 7.7 శాతం, ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళలో 53.8 శాతం. అంతకు ముందు తరంలో రెసిడెన్షియల్ స్కూళ్ళు. లక్షా యాభై వేల మంది పిల్లల్ని వాళ్ళ భాషకీ అమ్మానాన్నలకీ దూరంగా పెట్టి పెంచారు. ఆవిడ తల్లి కూడా అందులో ఒకరు.

లెక్కలు కొన్ని చెప్పి వదిలేస్తాను. 2021లో పెద్ద రిపేర్లు కావాల్సిన ఇళ్ళలో ఉన్నది ఇండిజినస్ వాళ్ళలో 16.4 శాతం, మిగతా వాళ్ళలో 5.7. తక్కువ ఆదాయంలో ఉన్నది 18.8, మిగతా వాళ్ళలో 10.7. ఇది కూడా కోవిడ్ సాయం అందిన 2020 ఆదాయం లెక్క, అంటే మంచి ఏడాది కింద లెక్క. 25 నుంచి 64 ఏళ్ళ వాళ్ళలో డిగ్రీ ఉన్నది 12.9 శాతం. ఇవి దేశం మొత్తం లెక్కలు, రిజర్వ్ లోపలా బయటా కలిపి. విడిగా చూస్తే బయట ఉన్నవాళ్ళ పరిస్థితి లోపలి వాళ్ళకంటే కొంత నయం. కానీ పక్కింటి వాళ్ళతో పోల్చుకుంటే మాత్రం వెనకే.

మెటీ వాళ్ళకి ఇక్కడ అసలు రిజర్వే ఇవ్వలేదు. వాళ్ళ పిల్లలకి భూమి ఇస్తామని మా రాష్ట్రం మానిటోబా పేరుతో చేసిన 1870 చట్టంలో రాశారు, సరిగ్గా ఇవ్వలేదు. 2013లో సుప్రీం కోర్టు ఆ మాటే చెప్పింది. మనవాళ్ళు షాపింగ్‌కి వెళ్ళే గ్రాంట్ పార్క్ ఉంది చూడండి, ఆ చుట్టుపక్కల రూస్టర్ టౌన్ అని మెటీ వాళ్ళ పేట ఉండేది. 1960ల మొదటికల్లా ఖాళీ చేయించారు. నేను అక్కడ కార్ పార్క్ చేసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది, గుర్తొచ్చాక కూడా షాపింగ్ చేసుకునే వస్తాను లెండి.

ఇంకొక చిక్కు ఉంది. రిజర్వ్‌లో ఉన్నంతకాలం ఖర్చు కేంద్రానిది, బయటికి వస్తే ప్రావిన్స్‌ది, అంటే రాష్ట్రానిది. నువ్వు చూడు అంటే నువ్వు చూడు అని ఇద్దరూ అనుకుంటారు, మధ్యలో మనిషి నిలబడి ఉంటాడు. సిటీకి వచ్చిన మూలవాసులకి సాయంగా విన్నిపెగ్‌లో 1959లో మొదలైన ఫ్రెండ్‌షిప్ సెంటర్ లాంటివి పుట్టింది ఆ సందులోనే.

ఆ సందులో పడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక పేరు చాలు, బ్రయన్ సింక్లెయిర్ అనే ఇండిజినస్ మనిషి. 2008 సెప్టెంబర్‌లో క్లినిక్ రాసిచ్చిన ఉత్తరంతో ఇక్కడి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చారు. వీల్‌చైర్‌లో 34 గంటలు ఉన్నారు. మూత్రాశయ ఇన్‌ఫెక్షన్, మందులతో తగ్గిపోయేదే. ఎవరూ చూడలేదు. ఆ కుర్చీలోనే చనిపోయారు. తాగి పడుకున్నాడనుకున్నామని, తలదాచుకోవడానికి వచ్చాడనుకున్నామని విచారణలో సిబ్బంది చెప్పారు. తమ్ముడు అన్నాడు చూడండి, "బస్టాపుల్లో అలా పడి ఉంటారేంటి" అని, ఆ చూపే ఇది.

అంతా ఇలాగే ఉందనుకోకండి. మా పిల్లాడి టీచర్ మెటీ, మా నర్స్ ప్రాక్టీషనర్ అనిషినాబే అనే ఫస్ట్ నేషన్స్ జాతి. 2023 నుంచి మానిటోబా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివారు, వాబ్ కిన్యూ, ఒక ప్రావిన్స్‌కి ప్రీమియర్ అయిన మొదటి ఫస్ట్ నేషన్స్ మనిషి. కెనాస్టన్ రోడ్ మీద పాత మిలిటరీ బ్యారక్స్ స్థలంలో చాలా భాగం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి 2022లో ట్రీటీ 1 ఒప్పందం చేసుకున్న ఫస్ట్ నేషన్స్‌కి వచ్చింది. పేరు నావి-ఊడెనా. సిటీ నడిబొడ్డున రిజర్వ్. సస్కటూన్ నగరంలో మస్కెగ్ లేక్ అనే ఫస్ట్ నేషన్ వాళ్ళు 1988లోనే ఇలా చేశారు. మనిషి రిజర్వ్ వదిలి సిటీకి రావడం చూశాం, ఇక్కడ రిజర్వే సిటీకి వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలుపెట్టారు, "వాళ్ళకి ప్రైమ్ ల్యాండ్ ఫ్రీగా ఇచ్చేశారట" అని.

తమ్ముడూ, నువ్వు కూడా చూస్తున్నావని తెలుసు. వేసవిలో ద ఫోర్క్స్ దగ్గర ఆ బల్ల వేసే రోజు ఫోన్ చేస్తాను. పెద్దావిడ ఈసారీ వస్తానన్నారు. కలిసి వెళ్దాం, బస్‌లో.