తల మీదుగా పోయిన కరెంటు

అందరికీ నమస్కారం.

ఆఫ్రికా అభివృద్ధి సమస్యల గురించి మాట్లాడమన్నారు. 54 దేశాలున్న ఖండాన్ని ఒక్క గంటలో చుట్టబెడితే ఏ దేశానికీ న్యాయం జరగదు. అందుకని ఒక కరెంటు లైను గురించి చెబుతాను.

మధ్య ఆఫ్రికాలోని డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలో, కాంగో నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఇంగా దగ్గర రెండు జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. ఒకటి 1972లో, రెండోది 1982లో వచ్చాయి. అక్కడి నుంచి దేశానికి ఆ చివరనున్న కొల్వేజీ రాగి గనుల దాకా సుమారు 1,700 కిలోమీటర్ల లైను వేశారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో వెళ్తే ఎంత దూరమో ఇంచుమించు అంత. దారి పొడుగునా ఆ తీగల కింద ఊళ్లున్నాయి, కానీ ఆ కరెంటు వాటికి అందదు. ఎందుకంటే అది డైరెక్ట్ కరెంటు లైను. మధ్యలో ఎక్కడ దించుకోవాలన్నా దాన్ని ఇళ్లలో వాడే రకం కరెంటుగా మార్చే, చాలా ఖరీదైన కన్వర్టర్ స్టేషన్ కట్టాలి. లైను గీసిన రోజున గని ఒక్కటే లెక్కలోకి వచ్చింది. దానికి చేసిన అప్పు మాత్రం ఆ ఊళ్లతో సహా దేశమంతటి నెత్తిన పడింది. పది కోట్లు దాటిన జనాభాలో ఈనాటికీ కరెంటున్నది దాదాపు ఐదుగురిలో ఒకరికే.

"వనరులే వాళ్లకు శాపం" అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. శాపమంటే ఎవరి తప్పూ లేనట్టు అయిపోతుంది. 1885 నుంచి 1908 దాకా బెల్జియం రాజు లియోపోల్డ్ ఆ దేశాన్ని సొంత ఆస్తిలా పెట్టుకుని రబ్బరు పిండుకున్నాడు. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి డిగ్రీ చదివిన కాంగో వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొదటి ప్రధాని లుముంబాను ఏడు నెలలైనా తిరక్కుండానే చంపేశారు, అదీ కటాంగాలో, ఆ గనుల గడ్డ మీదే.

ఇప్పుడు ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో, అంటే ఫోన్లు, కార్ల బ్యాటరీల్లో వాడే లోహంలో, మూడింట రెండు వంతులకు పైగా కాంగోదే. కొల్వేజీలో కసులో అనే పేట ఉంది. 2014లో అక్కడ ఒకాయన ఇంటి స్థలంలో తవ్వుతుంటే ఆ రాయి తగిలింది. ఇక పేటంతా ఇళ్ల కింద సొరంగాలు తవ్వేశారు. చేత్తో తవ్వేవాళ్లను అక్కడ ఫ్రెంచిలో క్రోజోర్ అంటారు. బస్తా మోసుకెళ్తే కాటా కొనేవాడిదే, రాయిలో కోబాల్ట్ ఎంత శాతమో చూపే మీటరూ వాడిదే. తేమ ఎక్కువుందని మార్కెట్ యార్డులో ధర కోసేస్తే మన రైతు నోరు మూసుకుని నిలబడతాడే, అదే నిలబడటం. ఆ సరుకులో ఎక్కువ భాగం చైనాలో శుద్ధి అవుతుంది. లాభం మిగిలే పని, మంచి జీతాలున్న పని అక్కడికే పోతుంది.

బోట్స్వానాలో కథ వేరుగా నడిచింది. 1966లో స్వాతంత్ర్యం, మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు. మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ప్రభుత్వం ఖనిజ హక్కులు తెగల చేతి నుంచి దేశం చేతికి తెచ్చింది, తర్వాత గనుల కంపెనీలో సగం వాటా తీసుకుంది. ఆ డబ్బు బళ్లుగా, రోడ్లుగా ఊళ్లకు చేరింది. అక్కడా నిరుద్యోగం ఉంది, అసమానత బాగా ఉంది, వజ్రాల ధర పడితే బడ్జెట్ వణుకుతుంది. అయినా బేరం దగ్గర గట్టిగా కూర్చున్న దేశం అది.

ఇప్పుడు అంగోలాలోని లోబిటో రేవు నుంచి ఇదే కటాంగా దాకా పాత రైలు మార్గాన్ని బాగుచేస్తున్నారు. అమెరికా, యూరప్ డబ్బు పెడుతున్నాయి. ఆ వార్త ఎప్పుడు కనబడినా నేను మొదట వెతికేది ఒక్కటే: ఆ బండి దారిలో ఎన్ని ఊళ్లలో ఆగుతుంది, ఏ ఊరి మొక్కజొన్న అందులోకి ఎక్కుతుంది?