పోస్టర్ మీద సంవత్సరం లేదు: చిన్న స్టేజీల సంగీతం గురించి రాయడం ఎందుకంత కష్టం?

[తెర మీద: మడతలు పడిన ఒక షో పోస్టర్. కెమెరా మెల్లగా కింది వరుస దగ్గరికి వెళ్తుంది.]

నమస్తే. ఈ పోస్టర్ కాస్త దగ్గరగా చూడండి. నాలుగు బ్యాండ్ల పేర్లున్నాయి, హాలు పేరుంది. కింద "జూన్ 14, శనివారం, సాయంత్రం 7 గంటలకు" అని ఉంది. సంవత్సరం మాత్రం లేదు. పోస్టర్ అంటించిన వారంలో దాంతో ఎవరికీ పని లేదు, శనివారం అంటే ఈ శనివారమే. ఏళ్ల తర్వాత ఒక అట్టపెట్టె అడుగున ఇది దొరికిన నాలాంటివాళ్లకే ఆ నాలుగు అంకెలూ కావాలి.

నేను చిన్న స్టేజీల సంగీతం గురించి రాస్తాను. యాభై మంది పట్టే హాళ్లలో వాయించే బ్యాండ్లు, సొంత పాటలు కట్టుకుని నలుగురి ముందు పాడేవాళ్లు, ఏ రికార్డింగ్ కంపెనీ కంటా పడనివాళ్లు. ఈ పనిలో ఏం కష్టం అని చాలామంది అడుగుతుంటారు. డబ్బు రాదు, నిద్ర చాలదు. అది నిజమే కానీ వాటికి అలవాటు పడిపోతాం. నాకు ఇప్పటికీ అలవాటు కానిది ఒకటుంది. నిన్నమొన్న జరిగింది కూడా చేతిలోంచి జారిపోతుంటుంది, మనం చూస్తూ ఉండగానే.

[తెర మీద: క్యాలెండర్. 2003, 2008, 2014, 2025 ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి.]

ముందు ఈ పోస్టర్ సంగతి తేల్చుకుందాం. ఈ శతాబ్దంలో ఇప్పటిదాకా జూన్ 14 శనివారం పడింది నాలుగుసార్లే: 2003, 2008, 2014, 2025. ఇప్పుడు బ్యాండ్ల పేర్ల కింద ఉన్న చిన్న అక్షరాలు చూడండి. అవి మైస్పేస్ అడ్రస్‌లు, అప్పట్లో బ్యాండ్లు తమ పాటలు పెట్టుకునే సోషల్ మీడియా సైట్ అది. మైస్పేస్ మొదలైంది 2003 ఆగస్టులో, అంటే ఆ ఏడాది జూన్‌లో పోస్టర్ మీదకి ఎక్కే వీలే లేదు. 2025లో ఆ అడ్రస్ వేసుకునేవాళ్లెవరూ లేరు. మిగిలినవి 2008, 2014. మనసు 2008 అంటోంది. కానీ మనసు చెప్పిందాన్ని తేదీ అని రాయలేను కదా.

సరే, ఆ అడ్రస్‌లలోకి వెళ్లి పాటలు విందామా అంటే అక్కడ పాటలు లేవు. ఇది ఈ నాలుగు బ్యాండ్లకే జరిగింది కాదు. సర్వర్లు మార్చే పనిలో పాత ఫైళ్లు పోయాయని 2019 మార్చిలో మైస్పేస్ ఒప్పుకుంది. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలవి. దాదాపు కోటీ 40 లక్షల మంది కళాకారులవి, 5 కోట్లకు పైగా పాటలు పోయాయని అప్పట్లో లెక్క వేశారు. తర్వాత, పాత వెబ్ పేజీల్నీ ఫైళ్లనీ భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వాళ్లు సుమారు 4,90,000 పాటల్ని మళ్లీ జనం ముందుకు తెచ్చారు. అవి కూడా ఒక పరిశోధక బృందం అంతకుముందే తన అధ్యయనం కోసం దించుకుని ఉంచుకున్నవి కాబట్టి మిగిలాయి. అంటే పోయినవాటిలో నూటికి ఒక్కటి.

పేరున్న గాయకులకి దీంతో పెద్ద నష్టం లేదు. వాళ్ల పాటలు పది చోట్ల ఉంటాయి. ఇంట్లో ఒక మైకు పెట్టి రికార్డు చేసుకుని, నేరుగా అక్కడ ఎక్కించి, ఆ తర్వాత పాత కంప్యూటర్ పారేసిన కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్ల దగ్గర ఇంకో కాపీ లేదు.

[తెర మీద: ఒక పాత వ్యాసం. మధ్యలో బూడిద రంగు ఖాళీ గడి.]

నా పాత రాతల్లో కూడా ఇదే జరిగింది. "ఈ పాటలో గిటార్ ఎలా మొదలవుతుందో వినండి" అని రాసి, దాని కింద పాట పెట్టాను. ఆ ప్లేయర్ ఫ్లాష్ మీద నడిచేది, వెబ్ పేజీల్లో పాటలూ వీడియోలూ నడిపే పాత సాఫ్ట్‌వేర్ అది. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌ని ఆపేసింది. ఇప్పుడు "వినండి" అన్న మాట అలాగే ఉంది, దాని కింద గడి ఖాళీగా ఉంది. ఆ గిటార్ ఎలా మొదలయ్యేదో రెండు వాక్యాల్లో మాటల్లోనే రాసి ఉండాల్సింది. పాట పక్కనే ఉంది కదా, మళ్లీ వర్ణించడం దేనికి అనుకున్నాను.

ఇక షో జరిగే రాత్రి దగ్గరికి వద్దాం.

[తెర మీద: చీకటి హాలు, ఎర్ర లైటు, స్టేజి మీద నీడలు.]

ఫోన్ పైకెత్తి రికార్డు చేస్తే చాలదా అంటారు. చేసి వినండి. చిన్న హాల్లో కిక్ డ్రమ్ దెబ్బ పడిన ప్రతిసారీ ఫోన్ తనంతట తనే రికార్డింగ్ శబ్దాన్ని తగ్గించేస్తుంది. వెంటనే పెంచుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. గొంతు నీళ్లలో మునిగి తేలుతున్నట్టు వినిపిస్తుంది. మాటలు అర్థం కావు. సౌండ్ ఇంజినీర్ ఒప్పుకుంటే మిక్సర్ బోర్డు నుంచి నేరుగా వైరు తీసుకోవచ్చు. కానీ చిన్న హాల్లో అందులో గొంతే ఎక్కువగా ఉంటుంది, డ్రమ్స్ చాలా తక్కువ. డ్రమ్స్‌కి అక్కడ మైకే అక్కర్లేదు మరి, వాటి మోత ఎలాగూ హాలంతా నిండుతుంది. అందుకే బోర్డు నుంచి ఒకటి, హాల్లో మైకుతో ఇంకొకటి తీసుకుని, ఇంటికొచ్చి రెండూ కలుపుకోవాలి.

ఫొటోల గొడవ ఇంకో రకం. ఎర్ర ఎల్‌ఈడీ లైటు మొహం మీద పడితే కెమెరాలో ఎర్ర రంగు ఒక్కటే నిండిపోయి, ముక్కూ కళ్లూ చెదిరి ముద్దలా వస్తాయి. ఐఎస్ఓని, అంటే వెలుతురుని పట్టే కెమెరా సెట్టింగుని, 3200కి పెంచినా, షటర్ 125వ వంతు సెకనుకి తెచ్చినా ఆ ఎరుపు పోదు. పాటల మధ్యలో మామూలు లైటు వెలిగే రెండు క్షణాల కోసం కాచుకుని ఉండాలి. వాళ్లు నీళ్లు తాగుతున్న ఫొటోలే నా దగ్గర బాగుంటాయి, ఎందుకంటే తెల్ల లైటు అప్పుడే పడుతుంది.

చెవుల మాట కూడా చెప్పి తీరాలి, ఈ పని మొదలుపెట్టే కుర్రాళ్లు దీన్ని పట్టించుకోరు. ఉద్యోగుల ఆరోగ్యం మీద పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ చెప్పే హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, అలా 100కి వచ్చేసరికి 15 నిమిషాలు. చిన్న హాల్లో, స్పీకర్ పక్కన, 100 పెద్ద విషయం కాదు. నాలుగు బ్యాండ్లంటే మూడు గంటలు. తెల్లారి లేచాక కూడా చెవిలో గుయ్‌మంటుంటే, ఆ చెవితో నిన్నటి రికార్డింగ్ విని ఏం బేరీజు వేస్తాం? ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. చెవి లోపలి సున్నితమైన కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

[తెర మీద: ఏమీ లేదు. చెప్పేవారు నేరుగా కెమెరా వైపు.]

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది. మొహమాటం.

పెద్ద గాయకుడి ఆల్బం బాగోలేదని రాస్తే ఆయన మన గుమ్మం ముందుకు రాడు. చిన్న స్టేజీల దగ్గర అలా కాదు. ఇవాళ పాడినవాళ్లు రేపు ప్రేక్షకుల్లో నా పక్కనే నిలబడతారు. డ్రమ్మర్ నాకు స్నేహితుడు, అతని చెల్లెలు టికెట్లు చింపుతుంది, గిటార్ వాయించే ఆవిడ పోయిన నెల నా కెమెరా బ్యాటరీ అయిపోతే తనది ఇచ్చింది. వాళ్ల కొత్త పాట నాకు నచ్చలేదు. ఏం రాయను?

చాలాకాలం "బాగుంది" అని రాశాను. బాగున్నదానికీ బాగుంది, బాగోలేనిదానికీ బాగుంది. ఒకరోజు ఒక గాయని అడిగింది, "నిజంగా బాగుందా, లేక అందరికీ రాసినట్టే రాశారా?" ఆవిడ పాట నిజంగా బాగుంది. నేను మనసారా రాశాను. కానీ నమ్మించలేకపోయాను, ఎందుకంటే ఆ మాటని అంతకుముందే నేనే అరగదీశాను. ఆ రోజు ఇంటికెళ్లి నా పాత రాతలన్నీ తీసి చదివాను. ఒక్కదాంట్లోనూ ఆ పాట ఎలా ఉంటుందో తెలియలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బాగుంది, బాగోలేదు అన్న తీర్పు చివర్లో, అది కూడా అవసరమైతేనే. ముందు అక్కడ ఏం జరిగిందో రాస్తాను. పాట ఎంత వేగంగా నడిచింది, గొంతు ఎక్కడ తడబడింది, రెండో చరణంలో బేస్ గిటార్ ఎందుకు ఆగింది, జనం ఎప్పుడు మాటలాపి విన్నారు. తడబాటు రాస్తే కొందరు నొచ్చుకుంటారు. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు, ఒకరు ఏడాది తర్వాత మళ్లీ మాట్లాడారు, ఇంకొకరు మాట్లాడలేదు. ఆ రెండో మనిషి గుర్తొస్తే ఇప్పటికీ బాధే. అయినా ఆ రాత తప్పని అనుకోవడం లేదు.

ఇంకో రకం ఇబ్బంది ఉంది. బ్యాండ్ విడిపోతుంది, గొడవపడి విడిపోతుంది. వారం తర్వాత ఫోన్ వస్తుంది, "మా గురించి రాసినవన్నీ తీసేయండి" అని. ఒకరు తీసేయమంటారు, ఇంకొకరు ఉంచమంటారు. వ్యక్తిగతంగా ఇబ్బంది పెట్టే మాటలుంటే తీసేస్తాను. ఆ రోజు ఆ స్టేజి మీద ఎవరు వాయించారన్నది తీయను. అది ఆ నలుగురిదే కాదు, విన్నవాళ్లది కూడా.

ఒకసారి నేను తీసిన ఫొటోని షో పెట్టేవాళ్లు తమ పోస్టర్ మీద వేసుకున్నారు, మూలన ఉన్న నా పేరు కత్తిరించి. అడిగితే "మీకు ప్రచారమే కదా" అన్నారు. పేరే లేకుండా ప్రచారం ఎవరికో నాకు అర్థం కాలేదు. డబ్బు అడగలేదు, పేరు వేయమన్నాను. వేయలేదు.

చదివేవాళ్లకి చేరడం గురించి రెండు ముక్కలు. శనివారం షో ఉందని గురువారం సోషల్ మీడియాలో పెడితే, కొందరి ఫోన్లలో అది సోమవారం కనిపిస్తుంది. ఏది ముందు చూపించాలో యాప్ నిర్ణయిస్తుంది, తేదీతో దానికి పని లేదు. పాడేవాళ్ల వైపు కూడా అంతే. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకి గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్‌లు రాకపోతే రాయల్టీ లెక్కలోకే రాదు. యాభై మంది హాల్లో పాడేవాళ్లకి వెయ్యి అంటే చిన్న సంఖ్య కాదు. అందుకే ఎవరో ఒకరు వాళ్ల గురించి రాయాలని నేను పట్టుబట్టేది.

[తెర మీద: ఒక నోటు పుస్తకం, పెన్సిల్, పక్కన హార్డ్ డిస్క్.]

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. షో అయిన రాత్రే, హాలు ఖాళీ అయ్యేలోపు, ప్రతి ఒక్కరి పూర్తి పేరు వాళ్లనే అడిగి, వాళ్ల ఎదుటే రాసుకుంటాను, స్పెల్లింగ్‌తో సహా. ఒకే పేరుతో బ్యాండ్లు ప్రపంచంలో ఎన్నో ఉంటాయి కాబట్టి మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో, అంటే ఎవరైనా వివరాలు చేర్చగల ఆన్‌లైన్ సంగీత జాబితాలో, వాళ్ల ఎంట్రీ ఉందో లేదో చూసి, లేకపోతే చేరుస్తాను. అక్కడ ఒక్కో బ్యాండ్‌కీ వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది, పేరు కలిసినా మనుషులు కలిసిపోరు. రాసిన పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చేస్తాను. రికార్డింగ్ మూడు కాపీలు, అందులో ఒకటి మా ఇంట్లో కాకుండా వేరే చోట. పోస్టర్ దొరికితే వెనక పెన్సిల్‌తో నాలుగంకెల సంవత్సరం వేస్తాను. పెన్ను వాడను, సిరా కాగితంలోకి దిగి ముందు వైపుకి వస్తుంది.

ఇక మన పోస్టర్. ఆ రెండో బ్యాండ్ గాయకుడు దొరికాడు. ఆ రాత్రి తీసిన ఫొటోలు అతని దగ్గర ఉన్నాయి, కానీ వాటి మీద తేదీ 2005 జనవరి 1 అని ఉంది. కెమెరాలో గడియారం ఎవరూ సరిచేయలేదన్నమాట. తర్వాత అతనే ఒక పాత సీడీ బయటికి తీశాడు, ఆ రాత్రి స్టేజి పక్కన అమ్మడానికి ఇంట్లో కాపీ చేసుకున్నది. దాని మీద మార్కర్‌తో "జూన్ 14, 2008" అని ఉంది.

సీడీ డ్రైవ్‌లో పెట్టాం. మూడు పాటలు వచ్చాయి. నాలుగోది మొదలై, ఇరవై సెకన్ల దగ్గర ఆగిపోయింది. ఆ ఇరవై సెకన్లలో బేస్ గిటార్ ఒక్కటే వినిపిస్తుంది, చాలా బాగా వాయించారు. ఎవరు వాయించారు అని అడిగాను. అతను చాలాసేపు ఆలోచించాడు. ఆ రికార్డింగ్‌కీ ఆ ఒక్క షోకీ మాత్రమే వచ్చాడని, పొడుగ్గా ఉండేవాడని చెప్పాడు. పేరు గుర్తుకు రాలేదు.

పోస్టర్ వెనక పెన్సిల్‌తో 2008 అని రాశాను. దాని కింద "బేస్ గిటార్:" అని రాసి, పక్కన ఖాళీ వదిలాను.

[తెర మీద: పోస్టర్ వెనక వైపు. ఆ ఇరవై సెకన్ల పాట వినిపించి ఆగుతుంది.]