మృగశిరకు ముందు కార్బురేటర్

[సంగీతం తగ్గుతుంది]

ప్రసాద్: నమస్తే, నమస్తే.

నర్సింగ్: నమస్తే తమ్మీ.

ప్రసాద్: ఇవాళ అనుకున్నది వానాకాలం తయారీ. మృగశిర కార్తె వస్తోంది, నాంపల్లిలో చేపమందు లైన్లు కడతారు, మన పాత టూ స్ట్రోక్ గేర్ స్కూటర్లు తడవడం మొదలు. నర్సింగన్నా, చకచకా కానియ్.

నర్సింగ్: మొదట స్టెప్నీల గాలి.

ప్రసాద్: మొదలెట్టాడు.

నర్సింగ్: ముందు చక్రం చూస్తరు, ఎనుక చక్రం చూస్తరు, స్టెప్నీని ఎవ్వరు చూడరు. ముందు 18 పీఎస్ఐ, ఎనుక ఒక్కరుంటె 25, ఇద్దరుంటె 35. స్టెప్నీల 35 పెట్టి ఉంచాలె. తగ్గించుడు అల్కగ, నడిరోడ్డు మీద ఎక్కించుడు ఎట్ల? ఇంకోటి, చక్రం తీసేటప్పుడు హబ్బు నట్లే విప్పాలె. రిమ్ము రెండు సగాలను పట్టుకున్న నట్లు ఉంటయ్ సూడు, గాలి మొత్తం తీయకుంట వాటి జోలికి పోవద్దు. ఎగిరొచ్చి మూతి పగులుతది.

ప్రసాద్: ఇది మాత్రం నిజంగా రాసిపెట్టుకోండి. సరే, మిగతావి నేను చెప్పేస్తా. ప్లగ్గు క్యాప్ రబ్బరు చీలితే మార్చండి, తడి దొరికితే స్పార్క్ అక్కడే దిగిపోతుంది. కేబుళ్లలో నూనె చుక్కలు వదలండి. ఫ్లోర్ మీద రబ్బరు పట్టీలు విప్పి చూడండి, వాటి కింద నీళ్లు నిలిచి తుప్పు లోపల్నుంచి తింటుంది, పైకి కనపడేసరికి వేలు దూరుతుంది. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లుంటే చుట్టూ తిరిగి పోవడమే మేలు.

నర్సింగ్: దిగినవ్ అనుకో, ఫస్ట్ గేర్ల, రేస్ ఒక్కతీరుగ, మధ్యల వదలొద్దు.

ప్రసాద్: నీళ్లలో బండి ఆగిపోతే కిక్కు కొట్టకండి, తోసుకుంటూ బయటికి తేండి. ప్లగ్గు తీసి, పెట్రోల్ ట్యాప్ మూసి, ఆ రంధ్రంలోంచి నీళ్లు రావడం ఆగేదాకా ఉత్త కిక్కులు కొట్టాలి. బయటికొచ్చాక బ్రేకులు మెల్లగా నొక్కుతూ కొంత దూరం పోతే షూలు ఆరతాయి. డ్రమ్ములో నీళ్లతో తిన్నగా సిగ్నల్ దగ్గరికి పోతే బండి ఆగదు.

నర్సింగ్: ట్యాంక్ మూత చెప్పలే.

ప్రసాద్: ఆఁ, మూత మీద సన్న రంధ్రం ఉంటుంది, గాలి పోవడానికి. దుమ్ముతో మూసుకుంటే కాస్త దూరం పోయాక పెట్రోల్ దిగక బండి ఆగుతుంది, మూత తెరవగానే మళ్లీ నడుస్తుంది. వానల్లో ఆ దారినే తేమ కూడా లోపలికి పోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్. అందులో ఉన్న ఎథనాల్ ఆ తేమను పీల్చుకుంటుంది...

నర్సింగ్: అందుకే పెట్రోల్ల కలిపే 2టీ ఇంజన్ ఆయిల్ ఎక్కువ పొయ్యాలె. లీటర్‌కు 20 ఎం.ఎల్. కాదు, 40.

ప్రసాద్: అయ్యో, కాదన్నా.

నర్సింగ్: ఏం కాదు? ఎథనాల్‌తోని ఇంజన్ వేడెక్కుతది, పిస్టన్ పట్టేస్తది. ఆయిల్ ఎక్కువుంటె కాపాడుతది. చిన్న లెక్క.

ప్రసాద్: ఆ లెక్కే తిరగబడింది. కార్బురేటర్లో పెట్రోల్ వచ్చే జెట్టు ఉంటుంది, దాని రంధ్రం మారలేదు కదా? దాంట్లోంచి వచ్చేదాంట్లో ఆయిల్ పెంచితే అంత మేరకు పెట్రోల్ తగ్గుతుంది. పైగా చిక్కబడి మెల్లగా దిగుతుంది. ఆయిల్ పెంచావంటే మిశ్రమం ఇంకా లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. నువ్వు భయపడే వేడిని నువ్వే పెంచుతున్నావ్. ఉచితంగా ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్‌లో మసి కడుతుంది.

నర్సింగ్: మరి వేడి ఎందుకొస్తున్నది, అది చెప్పు.

ప్రసాద్: ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఎథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపితే 13.5 దగ్గర పడుతుంది. అంటే అదే గాలికి ఇంధనం 8, 9 శాతం ఎక్కువ పోవాలి. మన జెట్లు ఉత్త పెట్రోల్ కాలంలో కొట్టినవి.

నర్సింగ్: జెట్టు మార్చమంటవ్ అయితే.

ప్రసాద్: మార్చమనే. స్పాకో కంపెనీ కార్బురేటర్ జెట్టు మీద నంబరు రంధ్రం వెడల్పే, 98 అంటే 0.98 మిల్లీమీటరు. 102 పెడితే వైశాల్యం 8 శాతం పెరుగుతుంది. లెక్క సరిపోయింది. పాత కార్బురేటర్‌లో ఏ నంబరుందో ముందు చూసుకోండి, ఒక్కో మెట్టే పైకి పోండి. పుత్లీబౌలి, రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో అడగండి. దొరకలేదని సూదితో రంధ్రం పెద్దది చెయ్యొద్దు.

నర్సింగ్: సూది పెట్టెటోళ్లను నేను సూడలేదా ఏంది... అది వదిలెయ్. మరి ఎండకాలం పట్టేస్తుంటయ్ కదా బండ్లు? మే నెలల.

ప్రసాద్: మేలో బండి వేడెక్కుతుంది, నిజమే. మిశ్రమం మాత్రం మేలో రిచ్ వైపే, అంటే పెట్రోల్ ఎక్కువ వైపే పోతుంది, వేడి గాలి పల్చన కాబట్టి. డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీలుంటుంది, మే మధ్యాహ్నం 42. ఆ రెంటికీ గాలి చిక్కదనంలో 10 శాతం తేడా. కార్బురేటర్‌లో మిశ్రమం డిసెంబరులో ఆ తేడాలో సగం మేర, అంటే 5 శాతం దాకా లీన్ అవుతుంది. మేలో సరిపోయిన జెట్టుతో డిసెంబరులో ఔటర్ సర్వీస్ రోడ్డు మీద ఫుల్ రేస్ పట్టుకుంటే, అప్పుడు పట్టేస్తుంది.

నర్సింగ్: చలికాలం అంటవ్.

ప్రసాద్: చలికాలమే. చల్లగా ఉందని మనం కూడా పొడుగ్గా లాగుతాం కదా.

నర్సింగ్: విజయవాడ పోతె?

ప్రసాద్: ఇంకొంచెం లీన్. మనం 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, అక్కడ గాలి ఇంకా చిక్కన. దసరాకి బండేసుకుని దిగేవాళ్లు ప్లగ్గు చూసుకోవాలి.

నర్సింగ్: ప్లగ్గు ఎట్ల సూడాలో చెప్పు, లేకుంటె ఇండ్ల ముందర నిలబెట్టి సూస్తరు.

ప్రసాద్: ఖాళీ రోడ్డు మీద ఫుల్ రేస్‌లో కొంచెంసేపు పోయి, రేస్ మూయకుండా ఇంజన్ ఆపేసి, అదే క్షణం క్లచ్ పట్టి పక్కకి దించాలి. అక్కడే ప్లగ్గు తీయాలి. గోధుమరంగు అయితే బాగుంది. తెల్లగా సున్నంలా ఉంటే లీన్, జెట్టు పెంచు. తడిగా నల్లగా ఉంటే రిచ్. ఐడ్లింగ్‌లో నిలబెట్టి చూస్తే మెయిన్ జెట్టు సంగతి ఏమీ తెలీదు.

నర్సింగ్: రేస్ మూసినా ఆర్పీఎం దిగకుంటె?

ప్రసాద్: అది జెట్టు కాదు. కేబుల్ పట్టేయలేదని చూసుకున్నాక, ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ రబ్బరు సీలు ఎండిపోయి గాలి లాగుతోందని అనుమానించాలి. ఎన్ని జెట్లు మార్చినా తగ్గదు.

నర్సింగ్: సరే. జెట్టు నీది. ఆయిల్ సంగతి నేను ఒప్పుకోలే.

ప్రసాద్: ఒప్పుకోకు. ఈ ఒక్కటి విను. తేమ ఎక్కువైతే ఎథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. నీ 2టీ ఆయిల్ ఎక్కడుంటుంది? పైన, పెట్రోల్‌లో. ట్యాప్ పైపు ఎక్కడుంటుంది? అడుగున. అంటే ఇంజన్‌కి ముందు పోయేది చుక్క ఆయిల్ లేని నీళ్ల ఎథనాల్. 40 పోసినా, 80 పోసినా పైనే కూర్చుంటుంది.

[కొద్దిసేపు మౌనం]

నర్సింగ్: ...గది ముందే చెప్పొచ్చు కదా.

ప్రసాద్: చెప్పనిచ్చావా?

నర్సింగ్: మరి ఏం చెయ్యాలె?

ప్రసాద్: వానాకాలంలో వారాల తరబడి నిలబెట్టే బండిలో సగం ట్యాంకు ఉంచొద్దు. నడిపేదైతే నిండుగా, లేకపోతే ఖాళీగా. నిలిచిన బండి తీసేముందు ట్యాప్ నుంచి గాజు సీసాలోకి కొంచెం పట్టి కాసేపు ఉంచండి. అడుగున గీత కనపడితే మొత్తం తీసెయ్యాలి, దాని మీద కొత్త పెట్రోల్ పోస్తే బాగుపడదు. ట్యాంకులో ఏ మూలనా మిగలకూడదు, ఆరబెట్టాలి.

నర్సింగ్: కార్బురేటర్ల పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్, ట్యాప్ వాషర్ గూడ పాతయి ఎథనాల్కు ఉబ్బుతున్నయ్. నీడిల్ ఉబ్బి ఇరుక్కుంటె ఒకపారి ఓవర్‌ఫ్లో, ఒకపారి ఎండుడు. మెకానిక్‌లు కార్బురేటర్ కడిగి పంపుతరు, వారానికి మళ్ల అదే. వైటాన్ రబ్బరు కొన ఉన్న నీడిల్ అడిగి తీసుకోవాలె. పెట్రోల్ పైపు గూడ కొత్తది, మెత్తబడితె లోపల పొరలు ఊడతయ్.

ప్రసాద్: ఇది మాత్రం నువ్వు చెప్పిందే కరెక్ట్.

నర్సింగ్: "ఇది మాత్రం" అంట. స్టెప్నీ కరెక్ట్ కాదా?

ప్రసాద్: స్టెప్నీ కరెక్టే అన్నా! ఇప్పుడొచ్చే స్కూటర్లకి స్టెప్నీ లేదు, నీకు కోపం, ఊరందరికీ తెలుసు.

నర్సింగ్: డిక్కీల హెల్మెట్ పడుతదంట. పంచర్ అయితే హెల్మెట్ మీద పోతవా?

ప్రసాద్: [నవ్వు] అయ్యా, సంతోషాలు కూడా చెప్తామని పోస్టర్ మీద రాశాం. వానాకాలం సంతోషాలు. వికారాబాద్ అనంతగిరి రోడ్డు, ఆగస్టులో. నర్సాపూర్ అడవి. అయిపోయింది.

నర్సింగ్: అనంతగిరి దిగుడుకు బ్రేక్ పట్టుకుని దిగొద్దు, గేర్ల దిగాలె. కానీ రేస్ మొత్తం మూసి మస్తుసేపు దిగితె ఇంజన్‌కు ఆయిల్ అందది. మధ్య మధ్యల క్లచ్ పట్టి కొద్దిగ రేస్ ఇయ్యాలె. టూ స్ట్రోక్‌ల ఆయిల్ పెట్రోల్‌తోనే వస్తది మరి.

ప్రసాద్: స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్లున్న పాత బండ్లవాళ్లు ఒక ప్రశ్న పంపారు. వానలో పాయింట్లు నల్లబడుతున్నాయి, గ్యాప్ ఎంత?

నర్సింగ్: 0.4 మిల్లీమీటరు. ఫ్లైవీల్ కిటికీల నుంచి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, పాయింట్లు మొత్తం తెరుచుకున్న కాడ సూడాలె.

ప్రసాద్: కొందరు ఎమరీ పేపర్ పెడతారు...

నర్సింగ్: ఎమరీ పెట్టొద్దు! ఆ పొడి మధ్యల ఇరుక్కుంటది. సన్నటి పాయింట్ ఫైల్‌తోని ఒకట్రెండు సార్లు, తర్వాత గట్టి కాగితం మధ్యల పెట్టి గుంజాలె. అయినా ఊకె నల్లగైతుంటె కండెన్సర్ పోయింది, దాన్ని మార్చకుంట పాయింట్లు మార్చేటోళ్లకు...

ప్రసాద్: అన్నా, రికార్డర్‌లో చార్జింగ్ అయిపోతోంది.

నర్సింగ్: ఆగు, కండెన్సర్ సంగతి చెప్పనియ్, రెండే ముక్కలు...