మీ మైకు ఎదుటివాళ్ళ చెవి కోసం

అందరికీ నమస్కారం. మద్దిలపాలెం నుంచీ గాజువాక నుంచీ బస్సులెక్కి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, వాళ్ళతో వచ్చిన అమ్మానాన్నలకీ. ఆన్‌లైన్ ఆటల్లో వాయిస్ చాట్ ఎలా పెట్టుకోవాలో, ఎలా వాడుకోవాలో మాట్లాడమన్నారు. నేను కంప్యూటర్లు బిగించి బాగుచేసే పనిలో ఉన్నాను, రాత్రిళ్ళు స్నేహితులతో ఆడతాను కూడా. అందుకని పనికొచ్చే మాటలే చెబుతాను.

ముందు ఒక్క విషయం పట్టుకోండి. మీ మైకులోంచి వెళ్ళే శబ్దం మీకు వినబడదు. ఫ్యాన్ మోత, కుక్కర్ విజిల్, పక్కగదిలో టీవీ, అన్నీ టీమ్‌లో మిగతా ముగ్గురి చెవుల్లో పడుతుంటాయి. మీకు మాత్రం అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎకో కూడా ఇలాంటిదే. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే తప్పు మీ దగ్గర లేదు. ఎవరో స్పీకర్ పెట్టుకుని ఆడుతున్నారు, దాంట్లోంచి వచ్చే మీ మాటని వాళ్ళ మైకు మళ్ళీ పట్టి పంపిస్తోంది. ఆ మనిషికి ఎకో వినబడదు. ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. అందుకే ‘నీ మైకు బాగోలేదు’ అని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకండి.

2002లో ఎక్స్‌బాక్స్ లైవ్ అనే ఆన్‌లైన్ ఆటల సేవ మొదలైనప్పుడు కిట్‌లోనే హెడ్‌సెట్ పెట్టి ఇచ్చారు. పీసీలో ఆడేవాళ్ళు టీమ్‌స్పీక్, వెంట్రిలో, మంబుల్ లాంటి మాట్లాడుకునే ప్రోగ్రాములు వాడేవారు. వాటికి సర్వర్ సొంతంగా పెట్టుకోవాలి, లేదంటే అద్దెకు తీసుకోవాలి. 2015లో డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఇప్పుడు చాలా ఆటల్లో వాయిస్ చాట్ లోపలే ఉంటుంది.

ఇక సామాను సంగతి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బ్లూటూత్‌వే. ‘పాటలు అద్భుతంగా వినిపిస్తాయి, ఆటలో మైకు ఆన్ చెయ్యగానే అంతా డబ్బాలోంచి వచ్చినట్టు అవుతోంది’ అంటారు. అది హెడ్‌సెట్ చెడిపోవడం కాదు. మామూలు బ్లూటూత్‌లో పాటలు వినడానికి ఒక పద్ధతి, మైకుతో మాట్లాడ్డానికి ఇంకో పద్ధతి. మైకు ఆన్ అవగానే అది ఫోన్‌కాల్ పద్ధతికి మారిపోతుంది, నాణ్యత పడిపోతుంది, కుడి ఎడమల తేడా పోతుంది. కాళ్ళ చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో తెలియకపోతే ఆడి ఏం లాభం? పైగా మాట ఆలస్యంగా చేరుతుంది. ఒకప్పుడు ఫోన్‌తో వచ్చేలాంటి మామూలు వైరు ఇయర్‌ఫోన్లు ఈ పనికి చాలా ఖరీదైన బ్లూటూత్ కంటే నయం. డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

పీసీలో మైకుకి ఒక రంధ్రం, ఇయర్‌ఫోన్‌కి ఒకటి వేరువేరుగా ఉంటే, ఫోన్ ఇయర్‌ఫోన్ నేరుగా పెడితే మైకు పనిచెయ్యదు. వై ఆకారంలో ఉండే స్ప్లిటర్ వైరు కొనుక్కోవాలి. అది పెట్టాక కూడా పలకకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్ళి మైక్రోఫోన్ అనుమతి ఉందో లేదో చూడండి. తరవాత సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ఏ మైకు ఎంచుకుని ఉందో చూడండి. చాలాసార్లు ల్యాప్‌టాప్ సొంత మైకో వెబ్‌క్యామ్ మైకో ఎంచుకుని ఉంటుంది.

విశాఖలో ఉండేవాళ్ళకి ఇంకో మాట. ఇది ఉప్పుగాలి ఊరు, ఇయర్‌ఫోన్ పిన్నుకి చిలుము పడుతుంది. మైకు గరగరమంటే కొత్తది కొనే ముందు పిన్నుని పొడిగుడ్డతో తుడిచి చూడండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో కిటికీ తెరిచి ఆడితే గాలి హోరు. ఎన్‌ఏడీ, కాకానినగర్ వైపు విమానాల మోత. ఫ్యాన్ లేకుండా ఎవరం కూర్చోలేం. నాయిస్ సప్రెషన్, అంటే చుట్టుపక్కల మోతని తగ్గించే సెట్టింగ్, ఆన్ చెయ్యండి. డిస్కార్డ్‌లో 2020 నుంచి దీనికి క్రిస్ప్ అనేది ఉంది. ఒకే తీరుగా సాగే ఫ్యాన్ మోతని అది బాగా తీసేస్తుంది. టీవీలో మనుషుల మాటలు అంత తేలిగ్గా పోవు, తలుపు వేసుకోవాల్సిందే.

డేటా అయిపోతుందని తల్లిదండ్రులు భయపడతారు. లెక్క చూద్దాం. డిస్కార్డ్‌లో మాట్లాడుకునే గది మామూలుగా 64 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకి 64 కిలోబిట్లతో నడుస్తుంది. ఒకరు గంటసేపు ఆపకుండా మాట్లాడితే సుమారు 29 ఎంబీ. అంతే. అసలు కష్టం డేటా ఎంతన్నది కాదు, నెట్ నిలకడగా ఉందా లేదా అన్నది. చాలా చోట్ల వాడే ఓపస్ అనే కోడెక్, అంటే గొంతుని కుదించి పంపే పద్ధతి, 2012లో ప్రమాణంగా ఖరారైంది. అది గొంతుని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. అంటే సెకనుకి 50 ముక్కలు. దారిలో ఒక ముక్క పోతే మళ్ళీ తెప్పించుకోరు, ఆలస్యంగా వచ్చిన మాట ఆటలో పనికిరాదు కాబట్టి. ఒకటీ అరా పోతే చెవికి తెలియదు, వరసగా పోతే గొంతు రోబోలా అవుతుంది. అలా అయినప్పుడు రౌటర్ దగ్గరికి జరగండి, ఇంట్లో ఇంకెవరైనా పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేస్తున్నారేమో చూడండి. హాస్టల్ వైఫైలో గది అసలు కలవకపోతే, ఆ నెట్‌వర్క్ వాయిస్ ముక్కలు వెళ్ళే దారిని, యూడీపీ అంటారు, మూసి ఉండొచ్చు. మొబైల్ డేటాతో ఒకసారి ప్రయత్నిస్తే తేలిపోతుంది.

మైకు ఎప్పుడూ తెరిచి ఉంచాలా, మీట నొక్కినప్పుడే పలకాలా? పీసీలో నేను మీట వైపే. పుష్ టు టాక్ అంటారు. ఫోన్‌లో రెండు బొటనవేళ్ళూ ఆటలో ఉంటాయి కాబట్టి అది కష్టం. అక్కడ తెరిచి ఉంచి, ఎవరితోనైనా మాట్లాడాల్సివస్తే మ్యూట్ చెయ్యండి. ఇంకొకటి. కొన్ని ఆటల్లో ఆల్, టీమ్ అని రెండు చానళ్ళుంటాయి. ఆల్‌లో ఉంటే దగ్గర్లో ఉన్న ఎనిమీ కూడా వింటాడు. టీమ్‌లోనే ఉంచుకోండి.

ఇప్పుడు మాట్లాడే తీరు. ‘అదిగో అక్కడున్నాడ్రా, చూడు చూడు’ అంటే ముగ్గురిలో ఒక్కరికీ అర్థం కాదు. ‘ఎడమ పక్క’ అన్నా కష్టమే. మీరు ఉత్తరం చూస్తుంటే మీవాడు దక్షిణం చూస్తుంటాడు, ఇద్దరి ఎడమలూ వేరు. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆటలో తెర పైన దిక్సూచి అంకెలు ఉన్నాయి. ‘240లో ఇద్దరు, ఎర్ర ఇంటి వెనక, ఒకడు నాక్’ అనండి. నాక్ అంటే దెబ్బతిని పడిపోయాడని. దిక్కు, ఎంతమంది, ఎక్కడ. ఇలా చెప్పడాన్నే కాలౌట్ అంటారు. కాస్త దూరంగా ఉన్నవాణ్ణి చూపించేటప్పుడు ఈ అంకె ముగ్గురికీ పనికొస్తుంది. చచ్చిపోయినవాళ్ళు తాము చూసింది ఒక్క మాటలో చెప్పి ఊరుకోవాలి. చివర్లో ఒక్కడే మిగిలి ఆడుతుంటే వాడికి కాళ్ళ చప్పుడు వినబడాలి, మన సలహాలు కాదు.

ఒక సంగతి నన్ను నిజంగా బాధపెడుతుంది. మన చెల్లెళ్ళు చాలామంది బాగా ఆడతారు, మైకు మాత్రం తెరవరు. ఆడపిల్ల గొంతు వినగానే ఎవడో ఒకడు వెకిలిగా మొదలుపెడతాడు. తక్కిన ఇద్దరూ విని ఊరుకుంటారు. తమ్ముళ్ళూ, ఆ ఊరుకున్న ఇద్దరితోనే నేను మాట్లాడుతున్నాను. ‘ఆపరా’ అనడానికి ఒక్క సెకను పడుతుంది. వాణ్ణి మ్యూట్ చేసి, రిపోర్ట్ కొట్టి, ఆ అమ్మాయికి కాలౌట్లు ఇస్తూ ఆట కొనసాగించండి. తెలుగు యాస విని వెక్కిరించేవాళ్ళ విషయంలోనూ అంతే. శ్రీకాకుళం పిల్లాడు తన మాటలో తాను ధైర్యంగా కాలౌట్ ఇవ్వగలిగే స్క్వాడ్ కట్టుకోండి.

అమ్మానాన్నలకి: డిస్కార్డ్‌కి కనీస వయసు 13 ఏళ్ళు. పిల్లల పేరు, స్కూలు, ఇంటి వీధి మైకులో చెప్పకూడదని ముందే చెప్పండి. కొత్తవాళ్ళు ‘వేరే యాప్‌లోకి రా, ఒంటరిగా మాట్లాడుకుందాం’ అన్నా, ఓటీపీ అడిగినా వెంటనే మీకు చెప్పాలి. అలా చెప్పినప్పుడు ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే రెండోసారి చెప్పరు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. పిల్లలకి ఆపద అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇప్పుడు ఫోన్లు తీయండి. ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరు వరండాలోకి వెళ్ళండి. ఒకే గదిలో కూర్చుంటే ఒకరి మైకులో ఇంకొకరు పడి హోరు పుడుతుంది. అర నిమిషం మాట్లాడాక, ఎలా వినిపించిందో ఎదుటివాళ్ళని అడగండి. వైరు ఇయర్‌ఫోన్లు లేనివాళ్ళకి ఈ బల్లమీద కొన్ని ఉన్నాయి.