రైతూ, పొరుగువాడూ, మొగుడూ: ఒక్క క్రియ పిల్లలు

తమ్ముడు: అక్కా, ఎపిసోడ్‌కి ముందు నా గోడు విను. జర్మన్ క్లాసులో ‘బావెన్’ అంటే కట్టడం అన్నారు. అయితే ‘బావర్’ అంటే మేస్త్రీయే అయ్యుంటుందని పరీక్షలో రాసేశాను. ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘రైతు’ అని దిద్దారు.

అక్క: (నవ్వు) నీ తప్పేం లేదులే. ఆ క్రియే పని మార్చుకుంది. వెయ్యేళ్ల కిందటి జర్మన్‌లో అది ‘బూఅన్’. ఉండటం, ఉన్నచోట దున్నుకుని బతకడం. కట్టడం తర్వాత వచ్చిన అర్థం. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్, జర్మన్‌కి చుట్టమైన పాత భాష గోతిక్‌లోకి తెచ్చిన బైబిల్‌లోనూ దీని తోబుట్టువు మాటకి నివసించడమనే అర్థం.

తమ్ముడు: అంటే ఉన్నచోట సాగు చేసుకునేవాడు బావర్.

అక్క: ఊఁ. పొరుగువాణ్ని ‘నాఖ్‌బార్’ అంటారు కదా, ఆ తోక కూడా ఇదే. దగ్గర్లో ఉండేవాడు. ఇంగ్లిష్ ‘నెయిబర్’ కూడా అంతే. నాకు బాగా నచ్చేది ‘ఫోగెల్‌బావర్’. పిట్టల పంజరం! అందులో రైతెవరూ లేడు, పిట్ట ఉండే చోటు, అంతే.

తమ్ముడు: మరి ‘ఇష్ బిన్’, నేను ఉన్నాను అనేది?

అక్క: ఆ ‘బ’ కూడా అక్కడిదే. సంస్కృతంలో ‘భూ’ ధాతువు, భవతి. అక్కడ ‘భ’ ఉంటే జర్మన్‌లో ‘బ’ వస్తుంది: భ్రాత, బ్రూడర్. మన ‘భవనం’ ఆ ధాతువుదే. చూపుకు కలిసినవన్నీ చుట్టాలు కావు గానీ, భవనం, బావెన్ మాత్రం నిజంగా చుట్టాలే.

తమ్ముడు: మనమూ ‘ఎక్కడ ఉంటున్నారు’ అనే కదా అడుగుతాం.

అక్క: తెలుగు వేరే కుటుంబం. అయినా ‘ఉండు’ ఒక్కటే ఉనికి, నివాసం రెండు పనులూ చేస్తుంది, చూడు. ఇక ఉత్తరాన, స్కాండినేవియా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగుల భాషలో ఇదే క్రియ ‘బూఆ’. వాళ్లు 9వ శతాబ్దంలో ఇంగ్లండులో దిగి పాతుకుపోయారు. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ చివర ‘బీ’ అంటే వాళ్ల మాటలో ఊరు. ‘హస్బెండ్’ కూడా వాళ్లిచ్చిందే. ‘హూస్’ ఇల్లు, ‘బోండి’ ఉండేవాడు, ఇల్లూ పొలమూ ఉన్న ఆసామి.

తమ్ముడు: మన దస్తావేజుల్లో ‘ఫలానా గ్రామ కాపురస్తులు’ అని రాస్తారే, ఆ టైపు!

అక్క: అబ్బ, భలే పట్టావ్! కాగితం మీద కాపురమంటే నివాసం, ఇంట్లో అంటే సంసారం.

తమ్ముడు: మరి మా బావ ఇంట్లో ఉంటున్నాడా?

అక్క: నెలలో ఇరవై రోజులు క్యాంపే. ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసెయ్యరా.