ఎందుకైనా మంచిదని ఒక సైజు పెద్దది తీసుకోకండి

శ్రోతలందరికీ నమస్కారం.

చలికాలంలో షికాగోలోనో టొరంటోలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఈమధ్య బ్యాటరీతో వేడెక్కే జాకెట్ గురించి అడుగుతున్నారు. అక్కడ జనవరిలో కొన్ని రోజులు మైనస్ 20 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి అడగడంలో తప్పేం లేదు. పిల్లలు ఆర్డర్ పెట్టేముందు ఫోన్ చేసి "నాన్నా, మీ సైజెంత?" అంటే ఇక్కడి నుంచి వెళ్లే జవాబు ఒకటే, "ఎందుకైనా మంచిది, ఒక సైజు పెద్దదే తీసుకోరా!" స్కూలు యూనిఫాం రోజుల నుంచి మనకిది అలవాటు. స్వెటర్‌కి ఆ లెక్క సరిపోతుందేమో గానీ ఈ జాకెట్‌కి అస్సలు కుదరదు.

స్వెటర్ తనంతట తాను వేడి పుట్టించదు కదా. వేడి మన ఒంట్లోదే, ఊలు మధ్య చిక్కుకున్న గాలి దాన్ని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది, అందుకే కాస్త వదులైనా నడిచిపోతుంది. వేడి జాకెట్‌లో వ్యవహారం తిరగబడుతుంది. దాని లైనింగ్ వెనక కార్బన్ ఫైబర్‌తో చేసిన పలచని ప్యాడ్‌లు ఉంటాయి, మామూలుగా ఛాతీకి అటొకటి ఇటొకటి, వీపు మీద ఒకటి, కొన్నిటికి కాలర్‌లో కూడా. బ్యాటరీ నుంచి కరెంటు వెళ్తే అవి వేడెక్కుతాయి. అంటే వేడి అనేది చొక్కా బయట పుట్టి లోపలికి రావాలి. మధ్యలో గాలి ఖాళీ ఉంటే, స్వెటర్‌లో మనల్ని కాపాడిన ఆ గాలే ఇక్కడ అడ్డం కూర్చుంటుంది. ఇస్త్రీ పెట్టెను బట్టకు అంగుళం పైన పట్టుకుని ముడతలు పోలేదంటే ఎలా? పైగా వదులు జాకెట్ వేసుకుని నడుస్తుంటే అడుగడుగుకీ మెడ దగ్గర వెచ్చటి గాలి బయటికి పోయి, కింద అంచు నుంచి చల్లగాలి లోపలికి దూరుతుంది.

అప్పుడేం చేస్తారు? బటన్ నొక్కి హై పెడతారు. జాకెట్‌కి తగిలించే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో ఉండేది సుమారు 37 వాట్ అవర్లు, అంటే 37 వాట్లు గంటసేపు ఇవ్వగలిగేంత, జాకెట్ 10 వాట్లు లాగుతుంటే మూడు గంటలు దాటి కాసేపటికే ఖాళీ. ఒంటికి సరిగ్గా పట్టిన జాకెట్ అయితే 'లో' బటన్ మీదే హాయిగా ఉంటుంది, బ్యాటరీ కూడా చాలాసేపు నిలుస్తుంది.

అలాగని బిగుతుగా కొనకండి, అది ఇంకా ప్రమాదం. ప్యాడ్ ఒకేచోట ఒంటికి అదిమినట్టు ఉండి, దాని మీద మీరు కుర్చీకి ఆనుకుని కూర్చుంటే ఆ ఒక్క చోటే వేడి పేరుకుంటుంది. ముట్టుకుంటే గోరువెచ్చ కంటే కాస్త ఎక్కువ అనిపించే 45 డిగ్రీల వేడి కూడా గంటల తరబడి అదేచోట ఆనితే చర్మం కాలుతుంది. షుగర్ వల్ల కాళ్లకీ చేతులకీ స్పర్శ తగ్గినవాళ్లకి కాలుతున్న సంగతే తెలియదు, వాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేడి సాక్సులు, గ్లోవ్స్ జోలికి పోకపోవడం మంచిది. ఎవరైనా సరే, ఇది వేసుకుని నిద్రపోవద్దు.

ఇంతకీ కొలత ఎలా తీయాలంటే, దర్జీ దగ్గర ఉండే టేపు చాలు. జాకెట్ లోపల ఏం వేసుకుంటారో ముందు అవి వేసుకోండి, అంటే పలచని థర్మల్ ఇన్నర్, దాని మీద ఒక చొక్కా, అంతే, మందపాటి స్వెటర్ వద్దు. వాటి మీదుగా చంకల కింద నుంచి ఛాతీ చుట్టూ కొలవండి. బొజ్జ ఉన్న మగవాళ్లు ఛాతీని కాదు, బొజ్జనే కొలవాలి, ఎందుకంటే జిప్పు పట్టేసేది అక్కడే. (సిగ్గుపడి కడుపు లోపలికి పీల్చి కొలిస్తే నష్టం మీకే!) ఎం, ఎల్ అన్న అక్షరాలను నమ్మొద్దు. అమెరికా కొలతలతో కుట్టిన ఎం వేరు, చైనా కొలతలతో కుట్టిన ఎం వేరు, రెండోది చాలాసార్లు ఒకటి రెండు సైజులు చిన్నదిగా ఉంటుంది. కాబట్టి సైజు చార్ట్‌లో అంగుళాలు చూడండి, అవి మనిషి ఒంటి కొలతలా, బట్ట కొలతలా అన్నది కూడా చూడండి. 40 అని ఉంటే, ఒంటి కొలత అయితే 40 అంగుళాల ఛాతీ ఉన్నవాళ్లకి పడుతుంది, బట్ట కొలత అయితే ఊపిరాడదు.

పొడవు సంగతి చాలామంది పట్టించుకోరు. పొట్టిగా ఉన్నవాళ్లు పొడుగు జాకెట్ వేస్తే ఛాతీ మీద ఉండాల్సిన ప్యాడ్‌లు పొట్ట మీదికి దిగుతాయి, వీపుది నడుము దగ్గరికి జారుతుంది. చీర కట్టుకునే అమ్మలకి ఇంకో చిక్కు, భుజం మీద పవిట మడతలు నాలుగైదు పొరలైపోయి ఆ పక్క వేడి తెలియదు. పొడుగు చేతుల జాకెట్ కాకుండా చేతుల్లేని వేడి వెస్ట్ తీసుకుని, బ్లౌజు, ఇన్నర్ మీద వేసుకుని పవిట దాని పైనుంచి వేసుకుంటే సరి, పైన ఎలాగూ పెద్ద కోటు ఉంటుంది. ఆ కోటు మాత్రం వదులుగానే ఉండాలి. ఒక సైజు పెద్దది కొనమన్న ఆ పాత మాట అక్కడ అక్షరాలా కరెక్ట్.

బుల్లెట్ మీద లద్దాఖ్ వెళ్లే కుర్రాళ్లకి ఒక మాట. బైక్ బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల లైనర్, అంటే రైడింగ్ జాకెట్ లోపల వేసుకునే పలచని వేడి జాకెట్ కొంటే అద్దం ముందు నిలబడి సైజు చూసుకోకండి. బండి మీద కూర్చుని, చేతులు హ్యాండిల్ దాకా చాపి చూసుకోండి. అప్పుడు జాకెట్ చేతులు రెండంగుళాలు పైకి పోతాయి, వెనక వీపు పైకి లేస్తుంది. గ్లోవ్స్‌కి బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ, వేళ్ల మొదళ్ల దగ్గర కొలవండి, ఎక్కువ వాడే చెయ్యి కాస్త పెద్దదిగా ఉంటుంది కాబట్టి దాన్నే. బిగుతైతే రక్తం సరిగ్గా ఆడక, లోపల హీటర్ వెలుగుతున్నా వేళ్లు మొద్దుబారతాయి. వేడి సాక్సులు మందం కాబట్టి బూట్లలో చోటుందో లేదో ముందే చూసుకోవాలి.

మన లంబసింగికి మంచు చూడ్డానికి వెళ్తూ ఇది కొనాలా అంటే, నా లెక్కలో అక్కర్లేదు. తెల్లవారుజామున రెండు గంటలు ఉండి వచ్చేయడానికి ఇన్నర్, స్వెటర్, మంకీ క్యాప్ చాలు.

జాకెట్ ఇంటికి రాగానే ట్యాగ్ తెంపకుండా వేసుకుని పది నిమిషాలు ఆన్ చేయండి. వంగండి, కూర్చోండి, చేతులు పైకెత్తండి. ప్యాడ్ ఉన్నచోటల్లా వెచ్చదనం తగలాలి, ఎక్కడా చురుక్కుమనకూడదు. ఛాతీ మీద తెలుస్తూ వీపు మీద తెలియకపోతే వెనక వదులుందని అర్థం, వాపస్ ఇచ్చేసి చిన్న సైజు తెప్పించుకోండి. విమానం ఎక్కేటప్పుడు దాని బ్యాటరీని పెద్ద సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. సెలవు.