ముగ్గురు డాక్టర్లు, మూడు జబ్బుల పేర్లు: తప్పెవరిది?

"మొదటి డాక్టరు యాంగ్జైటీ అన్నారు. రెండో ఆయన డిప్రెషన్ అన్నారు. రెండేళ్ల తర్వాత ఇంకొకావిడ బైపోలార్ అన్నారు. వీళ్లకేం తెలీదండీ, నోటికొచ్చింది రాసేస్తారు."

ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. ఆ ముగ్గురూ సరిగ్గానే చూసి ఉండొచ్చు. అదెలాగో ఈ వీడియోలో చూద్దాం. డిప్రెషన్ అంటే ఏంటి, అది నిజంగా జబ్బేనా లాంటివి మళ్లీ మొదట్నుంచీ చెప్పను.

మీరు బస్టాపులో నిలబడి ఉన్నారు. ఒక బస్సొచ్చి ఆగింది, ముందు బోర్డు లేదు. అది ఏ రూటు బస్సో చెప్పగలరా? చెప్పలేరు. ఆ స్టాపులో పది రూట్ల బస్సులు ఆగుతాయి. అది ఎక్కణ్నుంచి వస్తోందో, ఎటు పోతోందో తెలిస్తే తప్ప తేలదు.

లక్షణం అంటే స్టాపు. జబ్బంటే రూటు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

షుగర్‌కి రక్తపరీక్ష అనే బోర్డుంది. డిప్రెషన్‌కి గానీ, బైపోలార్‌కి గానీ, స్కిజోఫ్రీనియాకి గానీ ఫలానా జబ్బేనని తేల్చిచెప్పే రక్తపరీక్ష, స్కాన్ ఈ రోజుకీ లేవు. మెదడు ఫొటో తీసి డిప్రెషన్ ఉందో లేదో చెప్తామని ఎవరైనా డబ్బడిగితే, ఆ డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.

[తెర మీద: ఒక స్టాపు, పేరు "నిద్ర లేదు". దాని ముందు ఐదు బస్సులు]

అన్నిటికంటే రద్దీగా ఉండే స్టాపు నిద్ర. "నిద్ర సరిగ్గా లేదు" అనే ఒకే మాటతో ఐదుగురు వచ్చారనుకోండి.

మొదటి మనిషి పదింటికి పడుకుంటారు. ఒంటిగంట దాకా కన్ను మూతపడదు. రేపు అలా అయితే ఏంటి, ఇలా అయితే ఏంటి అని బుర్ర తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి పట్టిందంటే మాత్రం పొద్దున దాకా నిద్రే. ఇది ఎక్కువగా యాంగ్జైటీ రూటు.

రెండో మనిషికి నిద్ర టైముకే పడుతుంది. మామూలుగా ఆరింటికి లేచే మనిషికి మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది. ఇక మళ్లీ పట్టదు. పొద్దున పూట మనసు మరీ బరువుగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలిక. రోజూ లేచే టైముకన్నా కనీసం రెండు గంటల ముందే మెలకువ రావడం, పొద్దున పూట ఎక్కువ బాధ, ఈ రెండూ కలిసి కనిపిస్తే తీవ్రమైన డిప్రెషన్‌లో మెలాంకొలియా అనే రకాన్ని అనుమానిస్తారు.

మూడో మనిషి మూడు గంటలే పడుకుంటారు, లేచేసరికి హుషారు. అర్ధరాత్రి అల్మారాలు సర్దుతారు, తెల్లారేలోపు మూడు కొత్త వ్యాపారాలకి ప్లాన్లు వేస్తారు. అలసట అన్నదే లేదు. అసలు నిద్ర లేదని ఫిర్యాదు చేసేది ఈ మనిషి కాదు, ఇంట్లోవాళ్లు. ఇది మేనియా, అంటే ఊపు హద్దు దాటిపోవడం, అటువైపు పోయే బస్సు. ఈ ఊపు ఒకప్పుడు, డిప్రెషన్ ఒకప్పుడు వచ్చే జబ్బే బైపోలార్.

నాలుగో మనిషికి పడుకోవాలంటేనే భయం. కళ్లు మూస్తే జరిగిపోయిన ఘోరం మళ్లీ కలలోకొస్తుంది. పీటీఎస్‌డీ, అంటే ఘోరం జరిగాక మనసులో మిగిలిపోయే గాయం, అయ్యుండొచ్చు.

ఐదో మనిషి ఎనిమిది గంటలూ మంచం మీదే ఉంటారు. గురక గట్టిగా ఉంటుంది, మధ్యమధ్యలో ఊపిరి ఆగుతుంది. పగలంతా నీరసం, చిరాకు, దేనిమీదా ధ్యాస నిలవదు. ఇది స్లీప్ ఆప్నియా. డిప్రెషన్ మాత్రలు ఎన్ని మింగినా రాత్రి ఊపిరి ఆగడం ఆగదు కదా.

ఈ ఐదుగురి చీటీల మీదా "నిద్రలేమి" అని ఒకే మాట రాస్తే పని అక్కడే చెడింది. "నిద్ర పడుతోందా?" అన్నది సగం ప్రశ్న. "నిద్ర తక్కువైన మర్నాడు ఒంట్లో ఎలా ఉంటోంది?" అన్నది రెండో సగం. తక్కువ నిద్రతో మొదటి మనిషి, రెండో మనిషి పీనుగుల్లా ఉంటారు, మూడో మనిషి పరుగులు తీస్తుంటారు. ఇది అడగకుండా మూడో మనిషికి యాంటీడిప్రెసెంట్ ఒక్కటే రాసిస్తే కొందరిలో మేనియా ఇంకా పైకి ఎగదోసినట్టవుతుంది. బైపోలార్‌ని ముందుగా పట్టుకోవాలని అంత పట్టుబట్టేది అందుకే.

ఇది ఒకే స్టాపులో వేర్వేరు బస్సులు ఆగడం. దీనికి తిరగేసిన సంగతి ఇంకోటుంది: ఒకే రూటు నంబరున్న రెండు బస్సులు వేర్వేరు స్టాపుల్లో ఆగడం.

మానసిక జబ్బుల్ని ఎలా గుర్తించాలో చెప్తూ అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో వేసిన డీఎస్ఎమ్-5 పుస్తకంలో డిప్రెషన్‌కి తొమ్మిది లక్షణాలిచ్చారు. వాటిలో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు రోజూ ఉండాలి. ఆ ఐదులో దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఈ రెంటిలో ఒకటైనా ఉండి తీరాలి. ఇప్పుడు లెక్క వేద్దాం. తొమ్మిదిలో ఐదు, అంతకుమించి ఎంచుకునే మార్గాలు 256. దిగులూ లేకుండా, ఆసక్తి తగ్గడమూ లేకుండా వచ్చేవి 29, వాటిని కొట్టేయండి. మిగిలినవి 227. ఒకే పేరుకి 227 రకాల ముఖాలన్నమాట.

[తెర మీద: రెండు చీటీలు పక్కపక్కన]

ఒకరికి దిగులు, ఆకలి మార్పు, నిద్ర మార్పు, కదలికల్లో మార్పు, నీరసం. ఇంకొకరికి ఆసక్తి లేకపోవడం, అపరాధభావం, ధ్యాస నిలవకపోవడం, చావు ఆలోచనలు, నిద్ర మార్పు. ఇద్దరికీ డిప్రెషనే. కలిసింది నిద్ర ఒక్కటి. అది కూడా ఒకరికి నిద్ర పట్టదు, రెండోవారికి పన్నెండు గంటలు పడుకున్నా చాలదు! పుస్తకం రెంటినీ ఒకే గడిలో వేసింది. ఇంకా పీటీఎస్‌డీ లెక్క అడక్కండి, అది 6,36,120.

ఇది కాగితం మీది లెక్కే అనుకుంటారేమో. స్టార్-డీ అనే పెద్ద అధ్యయనంలోని 3,703 మంది డిప్రెషన్ రోగుల లక్షణాలని ఐకో ఫ్రీడ్, రాండాల్ఫ్ నెస్సీ అనే పరిశోధకులు 2015లో విడదీసి చూస్తే, 1,030 వేర్వేరు కలయికలు తేలాయి.

మరి డాక్టర్ల మాట ఎంతవరకు కలుస్తుంది? డీఎస్ఎమ్-5కి ముందు పరీక్ష పెట్టి చూశారు. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూడాలి. కొలత పేరు కప్పా. సున్నా అంటే గుడ్డిగా బొమ్మా బొరుసూ వేసినంత, ఒకటి అంటే పూర్తి ఏకాభిప్రాయం. పీటీఎస్‌డీకి 0.67 వచ్చింది, బాగానే ఉంది. డిప్రెషన్‌కి 0.28. అందరికీ తెలిసిన జబ్బు, రోజూ చూసే జబ్బు, దాని గతి ఇది! డిప్రెషన్ ఒంటరిగా రావడం తక్కువ, యాంగ్జైటీనో మద్యాన్నో వెంటబెట్టుకునే వస్తుంది. ఒక స్టాపులో రెండు బస్సులు ఆనుకుని ఆగితే ఒకరు ముందుదాన్ని చూస్తారు, ఇంకొకరు వెనకదాన్ని.

ఇక మన మూడో డాక్టరు, ఆ బైపోలార్ సంగతి. చాలామందికి బైపోలార్ మొదట డిప్రెషన్‌గానే మొదలవుతుంది. మేనియా అనాలంటే ఆ ఊపు కనీసం 7 రోజులుండాలి (ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే రోజుల లెక్క లేదు). అంతకంటే తేలికపాటి ఊపైన హైపోమేనియాకి 4 రోజులు చాలు. ఆ నాలుగు రోజులు ఇంకా రానే లేదనుకోండి, రెండో డాక్టరు బైపోలార్ అని ఎలా అంటారు? ఆ రోజుకి బస్సు ఆ స్టాపులోనే ఉంది. వచ్చినా, హైపోమేనియా రోజుల్ని ఎవరూ జబ్బుగా చెప్పుకోరు. "ఆ నెల మాత్రం బ్రహ్మాండంగా ఉన్నానండీ" అంటారు.

అలాగని అందరినీ వెనకేసుకురాను. ఎప్పుడైనా మామూలుకంటే ఎక్కువ హుషారుగా ఉన్నారా, ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని ఒక్క ముక్క అడక్కుండా ఐదు నిమిషాల్లో మందు రాస్తే అది బస్సు తప్పు కాదు.

అసలు మానసికం కానివి కూడా ఈ స్టాపులోనే ఆగుతాయి. థైరాయిడ్ తగ్గితే నీరసం, దిగులు, మందకొడితనం. పెరిగితే గుండెదడ, చేతులు వణకడం, బరువు తగ్గడం: అచ్చం యాంగ్జైటీలాగే. అందుకే ముందు థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ పరీక్ష, రక్తహీనతకి సీబీసీ, అవసరమైతే బీ12 చేయిస్తారు. స్టెరాయిడ్ మాత్రలు మనసుని ఎటైనా తిప్పగలవు, కాబట్టి వేరే జబ్బులకి వాడే మందులూ చెప్పాలి. మద్యం తాగేవాళ్లలో, మానేసిన నెల తర్వాతా దిగులు అలాగే ఉంటే అది విడిగా ఉన్న డిప్రెషన్ అని అనుమానించాలి.

టైము అయిపోతోంది, మిగతావి చకచకా. పిల్లల్లో డిప్రెషన్ దిగులుగా కాకుండా చిరాకుగా కనిపించొచ్చు. పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురుండని సమస్య) ఉందేమో అనిపిస్తే 12 ఏళ్లలోపే దాని జాడలున్నాయా అని వెతకాలి. ఈ మధ్యే మొదలైన మతిమరుపంతా ఏడీహెచ్‌డీ కాదు. వృద్ధుల్లో డిప్రెషన్ మతిమరుపులా కనిపించొచ్చు. గంటల్లో, రోజుల్లో ఉన్నట్టుండి తికమకపడితే మాత్రం అది డెలీరియం కావచ్చు, ఇన్ఫెక్షనో, సోడియం తేడానో, మందులో కారణమై ఉంటాయి. వెంటనే ఆసుపత్రికి.

డిప్రెషన్ కోసం ఫోన్లో నింపే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల ఫారం ఉంది చూశారూ, 27కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుని కలవమని అర్థం, అంతే. అది అడిగేది గత రెండు వారాల గురించి. ఒక్క స్టాపు ఫొటో అన్నమాట.

కాబట్టి వెళ్లేటప్పుడు లక్షణాల జాబితా కాదు, రూటు పట్టుకెళ్లండి. ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి సంవత్సరాలు వేయండి. దిగులుగా ఉన్న కాలాలు గీత కింద, మామూలుకన్నా హుషారుగా ఉన్న కాలాలు గీత పైన, ఒక్కోటి ఎన్ని రోజులో పక్కనే. గత రెండు వారాలు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచారో రాయండి. పాత మందుల గురించి "పని చేయలేదు" అంటే చాలదు: పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని వారాలు. యాంటీడిప్రెసెంట్ పని చేసిందో లేదో తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే మానేసి ఉంటే అదీ చెప్పండి. వేసుకున్న కొద్ది రోజులకే విపరీతమైన హుషారు వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పండి. ఇంట్లో మీతో ఉండే ఒకరిని వెంట తీసుకెళ్లండి, గీత పైన ఉండేవి వాళ్లకే ఎక్కువ గుర్తుంటాయి.

చచ్చిపోవాలన్న ఆలోచనలుంటే ఈ గీతలూ కాగితాలూ పక్కన పెట్టి ఆ రోజే వెళ్లండి.

పేరు మారిందని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. లేచి వచ్చేముందు డాక్టర్ని రెండు ప్రశ్నలడగండి: "ఇది కాకపోతే ఇంకేం కావచ్చండీ? ఏం కనిపిస్తే మీరు ఈ పేరు మారుస్తారు?" రెండోదానికి వచ్చిన జవాబు ఆ కాగితం వెనకే రాసి, ఇంట్లోవాళ్లకి కూడా చూపించండి.